పాత నాణెం, పాత ఫొటో: రెండూ ఒకటేనని తేలేదెలా?

2020 అక్టోబరులో లండన్‌లో ఒక రోమన్ బంగారు నాణెం వేలంలో 32 లక్షల పౌండ్ల పైచిలుకు పలికింది. జూలియస్ సీజర్‌ను చంపిన బ్రూటస్ క్రీ.పూ. 42 ప్రాంతంలో కొట్టించిన రకం అది. ఒకవైపు బ్రూటస్ తల. మరోవైపు రెండు బాకులు, వాటి మధ్య బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు పెట్టుకునే టోపీ, కింద హత్య జరిగిన మార్చి 15ను సూచించే 'ఈద్ మార్' అక్షరాలు. వెండిలో ఈ రకం వంద దాకా తెలుసు. బంగారంలో మాత్రం అది మూడోది. ఒక బారన్ (ఐరోపాలో ప్రభువుల బిరుదు) సేకరణ నుంచి వచ్చిందని కేటలాగులో రాశారు. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2023 మార్చిలో, న్యూయార్క్ అధికారులు ఆ నాణేన్ని గ్రీస్‌కు అప్పగించారు. బారన్ కథ కల్పితమని తేలింది. వేలం సంస్థ అధిపతి అదే ఏడాది నేరం ఒప్పుకున్నాడు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ కేసులో నకిలీది నాణెం కాదు, దాని చరిత్ర. అందుకే ఇప్పుడు సొంత సేకరణలున్నవాళ్లు తమ సొరుగుల్లోని నాణేలను కొత్తగా చూసుకుంటున్నారు. 'పాత స్విస్ సేకరణ' అని చీటీ మీద ఉంటే దానికి విలువెంత? 1930ల నాటి కేటలాగులో అచ్చం ఇలాంటిదే కనిపిస్తే, అది ఇదేనా?

ఒకే మాట కింద మూడు ప్రశ్నలు

నాణేల వ్యాపారంలో 'ప్రొవెనెన్స్' అనే మాట విరివిగా వాడతారు. దాని కింద మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. నాణెం ఎక్కడ ముద్రించారు? ఎక్కడ దొరికింది? దొరికినప్పటి నుంచి ఎవరెవరి చేతులు మారింది?

మొదటిదానికి జవాబు చాలావరకు నాణెం మీదే ఉంటుంది. బొమ్మ, అక్షరాలు, శైలి, బరువు చూసి నిపుణులు టంకశాలను చెప్పగలరు. రెండోదానికి జవాబు అరుదు. తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్తల కంటి ముందు బయటపడితే తప్ప, దొరికిన చోటు ఆ నాణేన్ని తవ్వినవాడితోనే పోతుంది. మూడోది ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. సేకర్తలు 'ప్రొవెనెన్స్ దొరికింది' అన్నప్పుడు దాదాపు ఎప్పుడూ ఈ మూడోదాన్నే ఉద్దేశిస్తారు.

మొదటి జవాబును రెండోదానికి అతికించడం మామూలు తప్పు. రోమన్ నాణెం కాబట్టి ఇటలీ నేలలోంచి వచ్చిందనుకుంటారు. రోమన్ చక్రవర్తులు అగస్టస్, తైబీరియస్‌ల కాలపు దెనారియస్ అనే వెండి నాణేలు వేలకొద్దీ ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ముద్రితమై, మిరియాల వ్యాపారంతో దక్షిణ భారతదేశానికి చేరి, ఇక్కడి మట్టిలో లంకెబిందెలై కూర్చున్నాయి. 1898లో పుదుక్కోట్టైలో దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో ఎక్కువవాటికి చక్రవర్తి ముఖం మీదుగా ఉలిగాటు ఉంది. అలాంటి గాటున్న నాణెం ఎక్కడో ఐరోపా వేలంలో కనిపిస్తే, అది ముద్రించిన ఊరు ఏదైనా, ఒకప్పుడు ఇటువైపు వచ్చి ఉంటుందని అనుమానించడానికి ఆ గాటే ఆధారం. నాణేనికి ఇంత స్పష్టమైన పుట్టుమచ్చ ఉండటం మాత్రం అపురూపం.

చేత్తో కొట్టినది కాబట్టే పట్టుకోగలం

యంత్రం మీద ముద్రించిన కొత్త నాణేలు ఒకే సంచిలోంచి రెండు తీస్తే వాటిని వేరుచేసి చెప్పడం కష్టం. ప్రాచీన నాణెం అలా కాదు. బొమ్మ చెక్కిన ముద్రదిమ్మెను, అంటే డైని, అడుగున బిగించేవాళ్లు. దాని మీద లోహపు బిళ్ల పెట్టి, బొరుసు డైని పైన నిలబెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. దెబ్బ కొంచెం పక్కకు పడితే బొమ్మ ఒక మూలకు జరుగుతుంది. బిళ్ల అంచు పగులుతుంది. పైడై ప్రతిసారీ వేరే కోణంలో నిలబడుతుంది. ఒకే జత డైలతో వేల నాణేలు వచ్చినా, ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ('అచ్చుగుద్దినట్టు' అనే జాతీయం ఇక్కడ సరిగ్గా తిరగబడుతుంది.)

పోలికలను రెండు దొంతరలుగా విడదీయాలి. డై నుంచి వచ్చినవి ఒక దొంతర: జుట్టు పాయల గీత, అక్షరాల మధ్య ఎడం, డై పగిలినప్పుడు నాణెం మీద ఉబ్బుగా పడే గీత. ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఇవి ఉంటాయి. ఆ ఒక్క నాణేనికే చెందినవి రెండో దొంతర: బిళ్ల ఆకారం, అంచు పగుళ్లు, బొమ్మ ఏ పక్కకు జరిగింది, ఏ అక్షరం బిళ్ల బయటికి పోయింది, గీతలు, నొక్కులు, ప్రాచీన కాలంలో వెండిని పరీక్షించడానికి వేసిన చిన్న ముద్రలు, ఉలిగాట్లు.

మొదటి దొంతర ఎంత సరిపోయినా తేలేది ఒకే డై అన్నంతవరకే. అదే నాణెం అనడానికి రెండో దొంతర కావాలి. సేకర్తలు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. 1920ల కేటలాగులో తమ నాణెం డై కనపడగానే సంబరంలో మిగతాది చూడరు. మంచి కేటలాగులు ఈ తేడాను జాగ్రత్తగా పాటిస్తాయి. 'ఈ నాణెమే' అన్నది ఒక మాట, 'ఇవే డైలు' అన్నది రెండోది, 'పోల్చండి' అన్నది మూడోది. మూడోదానికి అర్థం ఇలాంటి రకం అనే. అమ్మకపు ప్రకటనలో ఈ మూడు మాటలూ ఒకదాని చోట ఒకటి దూరిపోతుంటాయి.

పాత కేటలాగులో కనిపించేది నాణెం కాదు

ఇది కొత్తవాళ్లకు నమ్మబుద్ధి కాదు. 1960ల దాకా, కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా, నాణేల కేటలాగుల చిత్రపుటల్లో ఎక్కువ భాగం నాణేల ఫొటోలు కావు, వాటి నుంచి తీసిన ప్లాస్టర్ ప్రతుల ఫొటోలు. మెరిసే లోహాన్ని ఫొటో తీస్తే వెలుగు కొట్టుకుపోయేది. తెల్లటి ప్లాస్టర్ మీద నీడలు చక్కగా నిలిచేవి. ఈ ఒక్క సంగతి వల్ల పోల్చేటప్పుడు ఎన్నో విషయాలు మారిపోతాయి.

రంగు అసలు తెలియదు. నల్లబడ్డ వెండి, తళతళలాడే వెండి, చిలుము పట్టిన కంచు అన్నీ ఒకే బూడిద రంగులో ఉంటాయి. కాబట్టి ఫొటోలో ఆ పచ్చపొర లేదన్న వాదన నిలవదు. ప్లాస్టర్‌లో గాలి బుడగ చిక్కితే ప్రతి మీద నాణేనికి లేని చిన్న మొటిమో గుంటో వస్తుంది. ఒక చిన్న చుక్క తేడాతో సరిపోలికను కొట్టిపారేయకూడదు. ఫొటోలను చేత్తో కత్తిరించి పుట మీద అమర్చేవాళ్లు కనుక అంచు రేఖ కొన్నిసార్లు కత్తెరది, బిళ్లది కాదు. అంచు లోపలికి చొచ్చుకొచ్చిన పగులు మాత్రం కత్తెరకు లొంగదు. అందుకే అనుభవమున్నవాళ్లు మొదట పగులును చూస్తారు.

అచ్చు పద్ధతీ లెక్కలోకి వస్తుంది. మేలైన పాత కేటలాగులను కొలోటైప్ పద్ధతిలో అచ్చువేశారు. అందులో చుక్కల జాలి ఉండదు. భూతద్దం పెట్టినకొద్దీ వివరం వస్తుంది. 1921లో నావిల్ సంస్థ వేలం వేసిన శామ్యూల్ పొజ్జీ గ్రీకు నాణేల కేటలాగు పుటల మీద వెంట్రుకవాసి గీతను కూడా వెతుకుతారు. (పొజ్జీ పారిస్‌లో పేరుమోసిన శస్త్రవైద్యుడు, 1918లో సొంత రోగి చేతిలోనే తుపాకీ గుండుకు బలయ్యాడు.) చౌక కేటలాగుల్లోని చుక్కల ముద్రణను ఎంత పెద్దది చేసినా పెరిగేది చుక్కలే.

పాత పుటల వల్ల ఒక గొప్ప సౌకర్యం ఉంది. వాటిలో చాలావరకు నాణేలను అసలు కొలతలోనే అచ్చువేశారు. స్కాన్‌ను కొలతకు సరిచేసి, మన నాణెం ఫొటోను దాని మీద సగం పారదర్శకంగా పరిస్తే, అంచులు కలుస్తాయో లేదో కొన్ని క్షణాల్లో తెలిసిపోతుంది. అయితే బొమ్మను, బొరుసును విడివిడిగా చూడాలి. ఒకవైపు కలిసి రెండోవైపు కలవకపోతే, చేతిలో ఉన్నది ఒకే డై మాత్రమే.

కాలం ఒకే దిక్కున నడుస్తుంది

పోలిక తర్కంలో ఇది గుండెకాయ. 1935 ఫొటోలో లేని గీత ఇవాళ నాణెం మీద ఉంటే ఇబ్బంది లేదు. మధ్యలో ఎవరి చేతిలోనో జారి ఉంటుంది. 1935లో ఉన్న గీత ఇవాళ లేకపోతే ఆగాల్సిందే. అరుగుదలా అంతే. నాణెం కాలంతో అరుగుతుంది గానీ కొత్తదవదు.

మినహాయింపులు మూడు. చిలుమో మట్టో తీసేస్తే కింద దాగిన వివరం పైకి వస్తుంది. రంధ్రాన్నో పరీక్షగాటునో లోహంతో పూడ్చేయవచ్చు. అరిగిన కంచు నాణేల మీద జుట్టును, అక్షరాలను సన్నటి ఉలితో మళ్లీ చెక్కేవాళ్లు ఇటలీలో రినైజాన్స్ కాలం నుంచీ ఉన్నారు. ఇలాంటి మార్పు జరిగిందని తేలితే మాయమైన గీతకు సంజాయిషీ దొరుకుతుంది. అయితే ఆ మార్పును నాణెం మీద విడిగా చూపించగలగాలి. గీత లేదు కాబట్టి చెక్కి ఉంటారనడం గుండ్రంగా తిరిగి మొదటికే రావడం.

బరువూ ఇదే దారిలో నడుస్తుంది. పాత బ్రిటిష్ కేటలాగుల్లో బరువు గ్రెయిన్లలో ఉంటుంది. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు. 265.4 గ్రెయిన్లని రాసిన ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్ (నాలుగు డ్రాక్మాల వెండి నాణెం) ఇవాళ త్రాసు మీద 17.20 గ్రాములు చూపాలి. 17.12 చూపితే శుభ్రం చేసి ఉంటారని సర్దుకోవచ్చు. 17.35 చూపితే, పూడ్చిన లోహమేదీ లేనప్పుడు, నాణెం బరువు పెరగదు కాబట్టి అది వేరే నాణెం కావాలి, లేదా పాత కేటలాగులో అచ్చుతప్పు ఉండాలి. అచ్చుతప్పులు నిజంగానే ఉంటాయి. 3.94 బదులు 3.49 పడిన సందర్భాల్లో ఫొటోదే పైచేయి.

ఒక దెనారియస్ వెంట పడితే

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. సేకరణలో లూసియస్ పాపియస్ అనే టంకశాల అధికారి క్రీ.పూ. 79లో కొట్టించిన వెండి దెనారియస్ ఉంది. బొమ్మ వైపు మేకతోలు కప్పుకున్న జూనో దేవత తల, బొరుసు వైపు గరుడ ముఖంతో సింహ శరీరంతో పరుగెత్తే గ్రిఫిన్. చేతిలో ఉన్న ఆధారం 'పాత ఐరోపా సేకరణ' అన్న ఒక్క మాట.

మొదటి పని రకం తేల్చడం. రోమన్ గణతంత్ర నాణేలకు మైకేల్ క్రాఫర్డ్ 1974లో ఇచ్చిన వరుస సంఖ్యలే ప్రామాణికం. ఇది 384. ఈ రకానికి ఒక వింత ఉంది. బొమ్మ మీద ఒక చిన్న వస్తువు, బొరుసు మీద దానికి జతగా మరో వస్తువు గుర్తుగా ఉంటాయి. ఇలాంటి జతలు 200కు పైగా తెలుసు. వెతికేవాడికి ఇది వరం. వేల కొద్దీ ఉన్న పాపియస్ నాణేల్లో ఈ జత గుర్తులున్నవి గుప్పెడే.

వరంతో పాటు ఒక ఉచ్చూ ఉంది. ఈ నాణేల్లో ఒక్కో గుర్తుల జతకు మామూలుగా ఒక్కటే డైల జత. అంటే ఒకే గుర్తులున్న నాణేలన్నీ ఒకే డైవి. డైలు కలిశాయన్న సంబరానికి ఇక్కడ కాణీ విలువ కూడా లేదు. అదృష్టవశాత్తూ ఇవి రంపపు అంచు నాణేలు. ముద్రించక ముందే బిళ్ల అంచు చుట్టూ చేత్తో ఉలిగాట్లు పెట్టేవాళ్లు. గాట్ల లోతు, ఎడం ఏ రెండు బిళ్లలకూ ఒకటి కావు. వేలిముద్ర అంచు మీదే ఉందన్నమాట.

తర్వాత వెతుకులాట. 2000 నుంచి ఇటు జరిగిన వేలాలకు ఏసీసెర్చ్, కాయిన్ ఆర్కైవ్స్ లాంటి ఆన్‌లైన్ భాండాగారాలున్నాయి. 1945కు ముందటి జర్మన్ కేటలాగులను హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని న్యూమన్ పోర్టల్‌లో మరిన్ని ఉన్నాయి. రోమన్ గణతంత్ర నాణేలకైతే రిచర్డ్ షేఫర్ దశాబ్దాలపాటు కేటలాగుల నుంచి కత్తిరించి రకాలవారీగా అంటించుకున్న చిత్రాలు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ద్వారా అందుబాటులోకి వచ్చాయి. వీటన్నిటి మధ్యా 1945 నుంచి 2000 దాకా పెద్ద అగాధం ఉంది. ఆ కాలపు కేటలాగుల్లో చాలావరకు కాగితం మీదే ఉన్నాయి. మనకు అవసరమైన తేదీలు, ముఖ్యంగా 1970 (ఎందుకో తర్వాత చూద్దాం), సరిగ్గా అక్కడే పడటం దురదృష్టం.

1930ల నాటి ఒక జర్మన్ కేటలాగులో అవే గుర్తులతో ఒక ప్లాస్టర్ చిత్రం దొరికిందనుకుందాం. గ్రిఫిన్ రెక్క కొస అంచుకు తగిలి తెగింది. మన నాణెం మీదా అంతే. జూనో గడ్డం కింద చుక్కల వలయం కనపడకుండా పోయింది, ఇక్కడా లేదు. గడియారంలో ఐదు గంటల చోట రెండు రంపపు గాట్లు దాదాపు కలిసిపోయి ఒక వెడల్పు పల్లులా ఉన్నాయి, కలిసింది. బుగ్గ మీద అర్ధచంద్రం లాంటి పరీక్షముద్ర, ఉంది. కేటలాగు బరువు 3.92, మన త్రాసు 3.89. జూనో మెడ మీద మన నాణేనికున్న సన్నటి గీత పాత చిత్రంలో లేదు. తర్వాత పడి ఉండొచ్చు. బొరుసు ఖాళీలో పాత చిత్రంలో ఒక మొటిమ ఉంది, నాణెం మీద లేదు. గాలి బుడగ కావచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు గుర్తులు రెండు వైపులా కలిశాయి, ఎదురు సాక్ష్యం ఏదీ గట్టిది కాదు. ఇది 'ఈ నాణెమే' అనదగిన పోలిక. గాట్లు కలవకుండా మిగతావి మాత్రమే కలిస్తే 'ఇవే డైలు' దగ్గరే ఆగిపోవాలి.

దొరక్కపోతే? దాని నుంచి ఏమీ తేలదు. పాత కేటలాగులు ఖరీదైన నాణేలకే ఫొటో వేసేవి. మామూలు దెనారియస్‌లను యాభై, వంద కలిపి ఒకే లాట్‌గా ఒక వాక్యంలో అమ్మేసేవాళ్లు.

మరీ బాగా కలిసినప్పుడు

నకిలీలు చేసేవాళ్లూ కేటలాగులు చదువుతారు. అసలు నాణెం నుంచి మూస తీసి పోత పోస్తే, ఆ పోత నాణేనికి అసలుదాని డై లక్షణాలే కాదు, అంచు పగులు, గీత, నొక్కు అన్నీ సంక్రమిస్తాయి. నిజమైన నాణెం ఏ మ్యూజియంలోనో భద్రంగా ఉండగా, దాని కవలలు బజార్లో తిరుగుతాయి. అలాంటిదాన్ని పాత ఫొటోతో పోలిస్తే ప్రతి గుర్తూ కలుస్తుంది. వంశవృక్షం దొరికిందన్న ఆనందం అసలు మోసానికి ముసుగవుతుంది. ఒకే గీత ఒకే చోట ఉన్న రెండు నాణేలు ఒకే కాలంలో ఉండటానికి వీల్లేదు. ఉంటే వాటిలో కనీసం ఒకటి నకిలీ.

మోసం ఉద్దేశం లేని కవలలూ ఉన్నాయి. 19వ శతాబ్దంలో రాబర్ట్ రెడీ, ఆయన కొడుకులు బ్రిటిష్ మ్యూజియం నాణేలకు ఎలక్ట్రోటైప్ ప్రతులు చేసి విద్యార్థులకు, సేకర్తలకు అమ్మేవాళ్లు. రెండు పలచటి లోహపు రేకులను కలిపి లోపల సీసం నింపిన ప్రతులవి. అంచు మీద అతుకు గీత, చాలావాటికి ఆర్ఆర్ లాంటి అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలను ఎవరైనా రాపిడి పెట్టి చెరిపేస్తే అంచునూ బరువునూ నమ్ముకోవాలి. నాణేన్ని రెండు వైపుల ఫొటోలతోనే చూసే అలవాటు వల్ల అంచు అందరి కళ్లూ తప్పించుకుంటుంది.

చీటీలు, కవర్లు, సిరా అంకెలు

పాత సేకర్తలు నాణెం కింద చిన్న గుండ్రటి చీటీ పెట్టుకునేవాళ్లు: రకం, బరువు, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నది. దస్తూరి తెలిసినవాళ్లు చీటీ చూసి సేకర్త పేరు చెప్పగలరు. చీటీకి ఒక్కటే లోపం. అది నాణేనికి అంటుకుని ఉండదు. ఒక పెట్టె కింద పడితే పది చీటీలు కలగలుస్తాయి. మంచి పేరున్న చీటీ పేదింటి నాణెం కిందికి చేరడానికి ప్రమాదం కూడా అక్కర్లేదు. చీటీ మీద బరువు ఉంటే అది కొంత రక్షణ. బరువు కలవని చీటీని పక్కన భద్రపరచాలి గానీ సాక్ష్యంగా పిలవకూడదు.

నాణెం మీదే ఉన్న గుర్తు ఇంతకంటే గట్టిది. కొన్ని ప్రాచీన నాణేల మీద వెండితో పొదిగిన అతి చిన్న గద్ద ముద్ర ఉంటుంది. ఒకప్పుడు దాన్ని ఇటలీలోని మాంటువాకు చెందిన గొంజాగా వంశం సేకరణ ముద్ర అనుకున్నారు. తర్వాత అది ఎస్తె వంశానిదన్న అభిప్రాయం బలపడింది. శతాబ్దాల కిందటే తవ్వి తీసినదనడానికి ఇంతకంటే చక్కటి దాఖలా ఉండదు. ఇక సన్నటి సిరాతో రాసిన అంకె కనిపిస్తే అది మ్యూజియం జాబితా సంఖ్య కావచ్చు. మ్యూజియంలు రెండో ప్రతులను చట్టబద్ధంగా అమ్మిన సందర్భాలు చాలా ఉన్నాయి, దొంగతనాలూ ఉన్నాయి. అంకె ఆ రెండింటిలో ఏదో చెప్పదు, ఎవరిని అడగాలో చెబుతుంది.

నాణెం రంగును చరిత్రగా చదివేవాళ్లూ ఉన్నారు. 1895లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం పక్కన బోస్కోరియాలేలో దొరికిన నిధిలోని బంగారు నాణేల మీద ఎర్రటి నల్లటి మచ్చలుండేవి. అప్పటి నుంచి అలాంటి మచ్చలున్న ఏ బంగారు నాణెమైనా అమ్మేటప్పుడు ఆ ఊరి పేరు తగిలించడం రివాజైపోయింది. కాగితం తోడు లేని మచ్చ ఊహ కిందికే వస్తుంది.

ఏ తేదీ దాటితే చాలు?

సాంస్కృతిక సంపద అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970 నవంబరు 14న ఆమోదం పొందింది. అందుకే మ్యూజియంలు '1970కి ముందే బయట ఉన్నట్టు రుజువుందా?' అని అడుగుతాయి. ఇది నైతిక గీతగా చాలాచోట్ల పనిచేస్తుంది. చట్టపు గీతలు దేశానికొకటి. భారతదేశంలో 1878 నాటి నిధుల చట్టం దొరికిన నిధిని కలెక్టరుకు తెలపమంటుంది. 1972 నాటి పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగా చూస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది. అమెరికా ఒక్కో దేశంతో విడివిడిగా ఒప్పందం చేసుకుని కొన్ని రకాల నాణేల దిగుమతిపై ఆంక్షలు పెడుతుంది. సైప్రస్ నాణేలను 2007లో, చైనావి 2009లో, ఇటలీ, గ్రీస్ నాణేలను 2011లో చేర్చింది. అక్కడ లెక్కలోకి వచ్చే తేదీ 1970 కాదు, ఆ ఆంక్ష అమల్లోకి వచ్చిన రోజు.

2009లో అమెరికా సేకర్తల సంఘం ఒకటి లండన్‌లో కొన్న 23 చైనా, సైప్రస్ నాణేలను బాల్టిమోర్‌కు తెప్పించి, కస్టమ్స్ స్వాధీనం చేసుకోగానే కోర్టుకెళ్లింది. ఉద్దేశపూర్వకంగా పెట్టిన పరీక్ష అది. సైప్రస్‌లో ముద్రించినంత మాత్రాన సైప్రస్‌లో దొరికినట్టు ఎలా అవుతుందన్నది వాళ్ల ప్రశ్న. 2012లో అప్పీలు కోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. మొదట్లో చెప్పుకున్న 'ముద్రించిన చోటు, దొరికిన చోటు' తేడా కోర్టు మెట్లెక్కితే ఇలా ఉంటుంది.

ఐరోపా సమాఖ్య 2019/880 నియమం 2025 జూన్ 28 నుంచి పూర్తిగా అమలవుతోంది. తవ్వకాల్లో బయటపడి 250 ఏళ్లు దాటిన వస్తువుకు ధరతో పనిలేకుండా దిగుమతి లైసెన్సు కావాలి. 200 ఏళ్లు దాటిన సేకరణ నాణేల్లాంటి వాటికి, ధర 18,000 యూరోలు లేదా అంతకు మించితే, దిగుమతిదారు ప్రకటన చాలు. ఒక దెనారియస్ ఏ గదిలోకి వస్తుంది? అదెప్పుడో భూమిలోంచే వచ్చింది, కాబట్టి మొదటిది అంటారు కొందరు. 300 ఏళ్లుగా సొరుగుల్లో తిరుగుతున్నది రెండోదే అంటారు ఇంకొందరు. పాత కేటలాగు పుట దొరికితే రెండో వాదనకు ఊపిరి వస్తుంది. సేకర్తల్లో ఈమధ్య పెరిగిన వెతుకులాటకు ఇదొక కారణం.

రెండు వైపుల వాదనలూ బలమైనవే

పురావస్తు శాస్త్రవేత్తల మాట ఇది: నాణెం దొరికిన పొరలోనే ఉంటే ఆ పొర కాలాన్ని చెబుతుంది, పెకలించి తెస్తే దాని మీది బొమ్మ మాత్రమే మిగులుతుంది. 1984లో తుర్కియేలోని ఎల్మలి దగ్గర దాదాపు 1,900 వెండి నాణేల నిధి దొరికి, దొంగచాటుగా దేశం దాటింది. అప్పటిదాకా ప్రపంచంలో పదమూడే తెలిసిన ఏథెన్స్ డెకాడ్రాక్మ్‌లు (పది డ్రాక్మాల పెద్ద వెండి నాణేలు) అందులో పద్నాలుగున్నాయి. సుదీర్ఘ వ్యాజ్యం తర్వాత 1999లో నాణేలు తిరిగి వెళ్లాయి. కొనేవాళ్లు లేకపోతే తవ్వేవాళ్లు ఉండరన్నది వాళ్ల వాదన సారం.

సేకర్తల మాట వేరు. నాణేలు లక్షల్లో తయారయ్యాయి, చేతులు మారడానికే పుట్టాయి. పద్నాలుగో శతాబ్దంలో ఇటలీ కవి పెట్రార్క్ రోమన్ నాణేలు పోగుచేశాడు. అప్పటి నుంచీ ఈ వ్యాపారం బహిరంగంగానే సాగింది. భోజనం ఖరీదుకు దొరికే కంచు నాణేనికి 1960లో ఎవరూ రసీదు దాచలేదు, ఫొటో తీయలేదు. రుజువు లేకపోవడమే దొంగతనానికి రుజువైతే, నిజాయితీగా కొన్నవి కూడా దోషులవుతాయి.

ఈ రెండు వాదనలూ ఒకే నాణేలను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఏథెన్స్ డెకాడ్రాక్మ్ 1970కి ముందు ఉండి ఉంటే ఎక్కడో ఫొటో ఉండే అవకాశం చాలా ఎక్కువ. అంత గొప్ప నాణెం కేటలాగుల కంట పడకుండా తరాలపాటు తిరగదు. కాబట్టి అక్కడ మౌనమే అనుమానానికి ఆధారం. మామూలు నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణెం విషయంలో మౌనానికి అర్థమే లేదు. బ్రూటస్ బంగారు నాణెం మొదటి కోవది. దాని బారన్ కథకు తోడుగా ఒక్క పాత పుట కూడా లేకపోవడం, వెనక్కి తిరిగి చూస్తే, ముందే కనిపించాల్సిన ఖాళీ.

కాగితం మీద పెట్టేటప్పుడు

మన ఊహా దెనారియస్‌కు రాసే నమోదు ఇలా ఉంటుంది. రకం: క్రాఫర్డ్ 384. బరువు 3.89 గ్రాములు. అంచుతో సహా మూడు ఫొటోలు. 1930ల కేటలాగు పేరు, తేదీ, లాట్ సంఖ్య, పుట సంఖ్య, 'ఈ నాణెమే, రంపపు గాట్లు, బుగ్గ ముద్ర, రెక్క కొస ఆధారంగా'. పోలిక చేసిన తేదీ, పక్కనే రెండు చిత్రాలు. 1930ల నుంచి ఇప్పటి కొనుగోలు దాకా ఉన్న విరామానికి 'ఆధారం లేదు' అని ఒక వరుస. 'పాత ఐరోపా సేకరణ' అన్న అమ్మకందారు మాటకు 'మౌఖికం' అని వేరే వరుస. పాత కేటలాగు చెప్పేది ఆ ఏడాది నాణెం జర్మనీలో ఒక వేలం బల్ల మీద ఉందనే. ఎవరు పంపారు, ఎవరు కొన్నారు అన్నది కేటలాగుల్లో సాధారణంగా ఉండదు. దాన్ని పట్టుకోవాలంటే, పాడుకున్న ధరలూ పేర్లూ ఎవరైనా పెన్సిల్‌తో అంచుల్లో రాసుకున్న ప్రతి దొరకాలి. అలాంటి ప్రతులు గ్రంథాలయాల్లో అక్కడక్కడా ఉన్నాయి. దొరికిన చోటు అన్న గడి ఖాళీ.